మౌంటెన్ బైక్ వెనుక ఇరుసు: రకాలు, కొలతలు, మార్పిడి

మౌంటెన్ బైక్ వెనుక హబ్బులోంచి దూరి, చక్రాన్ని ఫ్రేము రెండు కొసలకూ పట్టి ఉంచే కడ్డీ వెనుక ఇరుసు. తొక్కేవారి బరువులో పెద్ద వాటా దీనిమీదే పడుతుంది. పెడల్ తొక్కితే చైను దీన్ని కుడివైపు నుంచి ముందుకు లాగుతుంది. డిస్కు బ్రేకు పడితే ఎడమవైపు ఒత్తిడి వస్తుంది. గట్టు మీంచి దూకితే దెబ్బంతా దీనికే తగులుతుంది. చవక సైకిళ్లలో ఇది వంగడం, విరగడం మామూలే. గట్టి ఇరుసు వేయించుకోవాలన్న ఆలోచన అక్కడే మొదలవుతుంది.

అయితే ఇరుసును టైరులా విడిగా ఎంచుకోవడం కుదరదు. ఎంత పొడవు, ఎంత లావు, ఏ మర అన్నది ఫ్రేము, హబ్బు కలిసి ముందే ఖరారు చేసి ఉంటాయి. కొనేవారి చేతిలో మిగిలే నిర్ణయం చాలా కొద్ది. చాలా సందర్భాల్లో అసలు మార్చవలసింది ఇరుసు కాదు, హబ్బు. కొన్నిసార్లు ఏదీ మార్చనక్కర్లేదు, వంకరపోయిన ఫ్రేము కొసలను సరిచేయిస్తే చాలు.

రిపాక్ నుంచి బూస్ట్ దాకా

కొండ సైకిళ్ల కథ మొదలైందే వెనుక హబ్బు తిప్పలతో. 1970లలో కాలిఫోర్నియాలోని మెరిన్ కౌంటీ కుర్రాళ్లు పాతకాలపు లావు టైర్ల ష్విన్ సైకిళ్లను టామల్పైస్ కొండ చుట్టుపక్కల మట్టి బాటల్లో కిందికి ఉరికించేవారు. పెడల్ వెనక్కి తొక్కితే పడే కోస్టర్ బ్రేకు వాటి వెనుక హబ్బులోనే ఉండేది. కొండ దిగేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజు పొగలై పోయేది. విప్పి మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఇంకోసారి దిగడానికి వీలుండేది కాదు. 1976లో మొదలైన అక్కడి పందేనికి రిపాక్ అన్న పేరు పడింది ఆ పని వల్లే. ఈ బాటల కోసమే జో బ్రీజ్ 1977లో ప్రత్యేకంగా ఫ్రేము కట్టాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఈ రకం సైకిలును మామూలు దుకాణాలకు చేర్చింది.

తొలినాటి మౌంటెన్ బైకులు భాగాలను చాలావరకు రోడ్డు సైకిళ్ల నుంచే తెచ్చుకున్నాయి. లివరు తిప్పితే చక్రం ఊడివచ్చే క్విక్ రిలీజ్ కూడా అలా వచ్చిందే. ఇటలీ పందెగాడు టూలియో కంపాన్యోలో 1927లో మంచు పడుతున్న క్రోచె దావునె కనుమలో చక్రం విప్పబోతే గడ్డకట్టిన రెక్కల నట్టు కదల్లేదనీ, ఆ చిరాకులోంచే ఈ ఉపాయం పుట్టిందనీ చెబుతారు. కథలో నిజమెంతైనా, 1930ల నుంచి రోడ్డు పందేల్లో ఆ పరికరం నిలదొక్కుకుంది. కొండ బాటలకు వచ్చేసరికి దాని బలహీనత బయటపడింది. సస్పెన్షను వచ్చి ఫ్రేము వెనుక భాగం కదిలేదయ్యాక, డిస్కు బ్రేకులు మామూలయ్యాక, రెండు కొసలనూ కలిపి బిగించే గట్టి కడ్డీ కావలసి వచ్చింది. జర్మనీకి చెందిన సింటేస్ కంపెనీ ఎక్స్-12 పేరుతో తెచ్చిన 12 మిల్లీమీటర్ల థ్రూ యాక్సిల్ 2010 ప్రాంతంలో ట్రైల్ సైకిళ్లకు వ్యాపించింది. 2014లో ట్రెక్, స్రామ్ కంపెనీలు వెనుక హబ్బుకు 148 మిల్లీమీటర్ల వెడల్పున్న బూస్ట్ కొలతను ముందుకు తెచ్చాయి. 2016లో పివట్ కంపెనీ స్విచ్‌బ్లేడ్ మోడలుతో సూపర్ బూస్ట్ పేరిట 157కు వెళ్లింది. కొత్త కొలత వచ్చిన ప్రతిసారీ పాత చక్రాలు పనికిరాకుండా పోయాయన్న విసుగు తొక్కేవారిలో ఉంది. ఆ విసుగులో న్యాయం ఉంది, కొలతలు పెరగడానికి కారణమూ ఉంది.

ఇరుసు ఎందుకు విరుగుతుంది

వెనుక ఇరుసు విరిగితే తప్పు ఉక్కుదే అనుకుంటాం. అసలు కారణం ఎక్కువగా బేరింగు ఉన్న చోటులో ఉంటుంది.

పాత పద్ధతి హబ్బులో పళ్ల చక్రాల గుత్తి, అంటే ఫ్రీవీల్, హబ్బు కుడి కొసన మరలో బిగుసుకుంటుంది. తిరగడానికి కావలసిన రాచెట్ ఆ గుత్తిలోనే ఉంటుంది. కుడివైపు బేరింగు మాత్రం గుత్తికి లోపలి పక్కన, హబ్బు ఒంట్లో ఉండిపోతుంది. బేరింగుకూ ఫ్రేముకూ మధ్య ఏ ఆనికా లేకుండా ఇరుసు బయటికి చాచుకుని ఉంటుంది. ఏడు గేర్ల ఫ్రీవీల్‌లో ఈ ఖాళీ మూడు సెంటీమీటర్లు దాటుతుంది. గేర్లు పెరిగిన కొద్దీ ఖాళీ పెరుగుతుంది, వంచే బలమూ పెరుగుతుంది. అలాంటి హబ్బులో ఇరుసు విరిగితే దాదాపు ఎప్పుడూ కుడివైపే, బేరింగు గుండ్లు ఆనే కోను పక్కనే విరుగుతుంది.

దీనికి మందు గట్టి ఉక్కు కాదు, బేరింగును బయటికి జరపడం. షిమానో 1978లో తెచ్చిన ఫ్రీహబ్ చేసింది అదే. రాచెట్ హబ్బులో భాగమైంది, పళ్ల చక్రాలు మాత్రం క్యాసెట్‌గా దానిమీద తొడుక్కుంటాయి. కుడి బేరింగు ఫ్రీహబ్ బయటి కొసకు, ఫ్రేము పక్కకు చేరింది. చాచుకున్న భాగం దాదాపు లేకుండా పోయింది. ఇరుసు లావు పెంచకుండానే దానిమీది బాధ తగ్గింది. వెనుక ఇరుసు విషయంలో ఇప్పటివరకు జరిగిన అతి పెద్ద మెరుగు ఇదేనని చెప్పవచ్చు. థ్రూ యాక్సిల్ దీని తరువాతి మెట్టు మాత్రమే.

ఇక లావు సంగతి. గుండ్రని కడ్డీ వంగకుండా నిలిచే బిరుసు దాని వ్యాసం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 10 మిల్లీమీటర్ల కడ్డీని 12 చేస్తే బిరుసు రెట్టింపు దాటుతుంది. ఇదే లెక్కను తిరగేస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. 10 మిల్లీమీటర్ల ఇరుసు నడుమ 5 మిల్లీమీటర్ల రంధ్రం చేస్తే పోయే బిరుసు పదహారో వంతే, అంటే ఆరు శాతం చిల్లర. క్విక్ రిలీజ్ ఇరుసు బోలుగా ఉంది కాబట్టి నాసిరకమన్న నమ్మకం అందుకే సరికాదు. బలాన్ని తినేది లోపలి రంధ్రం కాదు, బయటి మర. మర లోతు వరకు ఉన్న ఉక్కే బరువు మోస్తుంది. పైగా అలసట పగుళ్లు మొదలయ్యేది కూడా మర గాడి అడుగునే.

థ్రూ యాక్సిల్ గురించి ఒక అపోహను కూడా ఇక్కడే తీర్చుకోవాలి. నేటి థ్రూ యాక్సిళ్లు ఎక్కువగా అల్యూమినియంవి. అల్యూమినియం బిరుసు ఉక్కులో మూడో వంతు. ఒట్టి కడ్డీలను పక్కపక్కన పెట్టి వంచితే 12 మిల్లీమీటర్ల అల్యూమినియం కడ్డీ, 10 మిల్లీమీటర్ల ఉక్కు ఇరుసు కన్నా తక్కువ బిరుసుగా ఉంటుంది. మరి థ్రూ యాక్సిల్ సైకిలు వెనుక భాగం గట్టిగా ఎందుకు అనిపిస్తుంది? అక్కడ బరువు మోసేది ఆ కడ్డీ ఒక్కటే కాదు. హబ్బు లోపల బేరింగులను మోసే గొట్టం వేరే ఉంటుంది, దాని బయటి వ్యాసం 15, 17 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది. ఆ గొట్టంలోంచి దూరిన కడ్డీ ఫ్రేము కొసలోని మరలో బిగిసి, గొట్టాన్ని రెండు కొసల మధ్య నొక్కి పట్టే బోల్టుగా పనిచేస్తుంది. ఎడమ, కుడి కొసలు విడివిడిగా ఊగే వీలు పోతుంది. గట్టిదనం ఈ అమరికలో ఉంది. కాబట్టి ఉన్న థ్రూ యాక్సిల్ తీసి ఖరీదైన థ్రూ యాక్సిల్ వేస్తే బరువు కొన్ని గ్రాములు తగ్గవచ్చు, రంగు మారవచ్చు, తొక్కుడులో తేడా కనిపించడం అరుదు.

ఫ్రేము కొసలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోవడం ఇరుసు విరగడానికి ఇంకో పెద్ద కారణం. నట్లు బిగించగానే వంకర కొసలు ఇరుసును తమ వైపు వంచేస్తాయి. ఆ వంపు ఇరుసును ఎప్పుడూ పీడిస్తూనే ఉంటుంది. ఇలాంటి ఫ్రేములో ఎంత మంచి ఇరుసు వేసినా కొన్నాళ్లకు విరుగుతుంది. ఒకే సైకిలుకు రెండోసారి ఇరుసు పోయిందంటే కొత్తది కొనకముందు కొసలను కొలిపించాలి.

కొలతల లెక్క

హబ్బు వెడల్పును ఫ్రేము కొసలకు ఆనే రెండు ముఖాల మధ్య కొలుస్తారు. పాత ఐదు గేర్ల రోడ్డు సైకిళ్లకు 120, ఆరేడు గేర్లకు 126, ఆ తర్వాత 130 మిల్లీమీటర్లు వాడుకలోకి వచ్చాయి. మౌంటెన్ బైకులు 130 దాటి 135 దగ్గర స్థిరపడ్డాయి. క్విక్ రిలీజ్ ఉన్న మౌంటెన్ బైకుల్లో నేటికీ ఎక్కువగా కనిపించేది 135.

తర్వాతి అంకెలు గందరగోళంగా కనిపించినా వాటి వెనుక ఒక సూత్రముంది. థ్రూ యాక్సిల్ ఫ్రేము కొసల లోపలి ముఖాల్లో, హబ్బును తిన్నగా కూర్చోబెట్టేందుకు ఒక్కోవైపు మూడున్నర మిల్లీమీటర్ల లోతు గుంట ఉంటుంది. రెండు వైపులా కలిపి ఏడు. అందుకే 135కు ఏడు కలిపితే 142 అయింది. 150 డౌన్‌హిల్ హబ్బు 157 అయింది. ఇసుకలోనూ మంచులోనూ నడిచే ఫ్యాట్ బైకుల 170, 190 కొలతలు 177, 197 అయ్యాయి. దీన్ని బట్టి 135, 142 హబ్బులు ఒంటికి ఒకటేనని తేలుతుంది. స్పోకులు కట్టే అంచులు, డిస్కు, క్యాసెట్ ఉండే చోటు రెండింటిలోనూ ఒకటే, తేడా కొసల మూతల్లోనే ఉంది. డీటీ స్విస్, హోప్ వంటి తయారీదారుల హబ్బులు చాలావాటికి ఈ మూతలను మార్చుకునే వీలుంది. కోను, కప్పు పద్ధతిలోని షిమానో హబ్బులకు సాధారణంగా ఆ వీలు లేదు.

బూస్ట్ 148 మాత్రం వేరే జాతి. ఇక్కడ హబ్బు ఒళ్లే వెడల్పయింది. స్పోకుల అంచులు ఒక్కోవైపు మూడు మిల్లీమీటర్లు బయటికి జరిగాయి, డిస్కూ క్యాసెట్టూ వాటితోపాటే వెళ్లాయి. 29 అంగుళాల పెద్ద చక్రంలో స్పోకులు నిలువుగా నిలబడటం వల్ల వచ్చే ఊగులాటను తగ్గించడం, లావు టైరుకు చోటు చేయడం దీని ఉద్దేశం. ముందరి పళ్ల చక్రాన్ని కూడా మూడు మిల్లీమీటర్లు బయటికి జరపాలి. చైన్‌లైన్, అంటే ఫ్రేము నడిమి గీతకూ ఆ పళ్ల చక్రానికీ ఉన్న దూరం, 49 నుంచి 52 మిల్లీమీటర్లు అవుతుంది. తక్కువ ధర మోడళ్ల కోసం ఇదే హబ్బును క్విక్ రిలీజ్‌తో 141గా కూడా చేస్తున్నారు. 135 చక్రం కొని 141 ఫ్రేములో పెట్టబోయి తెల్లబోయేవారు ఉంటారు, ఎందుకంటే పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పివట్ సూపర్ బూస్ట్, పాత డౌన్‌హిల్ హబ్బు రెండింటి కొలతా 157 అయినా స్పోకుల అంచుల దూరం వేరు. అంకె కలిసినంత మాత్రాన చక్రం కలవదు.

ఏ సైకిలుకు ఏది

నట్లతో బిగించే ఇరుసు, ఫ్రీవీల్ ఉన్న సైకిలుకు అతి చవక దారి క్రోమోలీ ఉక్కు ఇరుసు వేయించడం. మామూలు ఇనుము కన్నా ఇది చాలా కాలం నిలుస్తుంది. ఇక్కడ మరల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. ఎక్కువ వెనుక ఇరుసులు 10 మిల్లీమీటర్ల లావు, ఒక మిల్లీమీటరు పిచ్ (ఒక మరకూ పక్క మరకూ ఉన్న దూరం). కొన్నిటికి మాత్రం పాత అంగుళాల కొలత, ఎనిమిదింట మూడు వంతుల లావు, అంగుళానికి 26 మరలు. రెండూ కంటికి ఒకటే. ఒకదాని కోను ఇంకోదాని మీద రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. పానాతో బలవంతం చేస్తే రెండూ పాడవుతాయి. పాత కోను తీసుకెళ్లి, చేత్తో చివరిదాకా తిప్పి చూసుకుని కొనాలి. లేదా కోన్లు, లాక్‌నట్లతో కలిపి మొత్తం సెట్టు తీసుకోవాలి.

బరువైన మనిషికి, సామాను కట్టి దూరాలు వెళ్లేవారికి, రోజూ గట్ల మీంచి దూకించేవారికి క్రోమోలీ కూడా తాత్కాలికమే. వారికి క్యాసెట్ హబ్బుతో కొత్త వెనుక చక్రం కొనడం మేలు. ఏడు గేర్ల షిఫ్టరు అలాగే ఉంచుకుని ఏడు గేర్ల క్యాసెట్ పెట్టుకోవచ్చు. ఖర్చు మొదట ఎక్కువనిపించినా, విరిగిన ఇరుసులూ అరిగిన కోన్లూ మార్చే కూలీతో పోల్చితే అంత తేడా ఉండదు.

క్విక్ రిలీజ్ ఉన్న ఫ్రేములో ముందుగా చూడవలసింది ఇరుసును కాదు, దానిలోంచి దూరే 5 మిల్లీమీటర్ల సన్న కడ్డీ స్క్యూయర్‌ను. లివరు తిరిగే క్యామ్ లోహపు కవచంలో దాగి ఉంటే బిగింపు గట్టిగా ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది. క్యామ్ బయటికి కనిపిస్తూ ప్లాస్టిక్ బిళ్ల మీద జారేవి తేలికగా, అందంగా ఉంటాయి, పట్టు తక్కువ. డిస్కు బ్రేకు ఉన్న సైకిలుకు లోపలి క్యామ్ ఉక్కు స్క్యూయరే సరైనది. ఈ వ్యాసంలో చెప్పే మార్పులన్నింటిలో డబ్బుకు తగ్గ ఫలితమిచ్చేది ఇదే. డీటీ స్విస్ ఆర్‌డబ్ల్యూఎస్ క్యామ్ లేకుండా మర తిప్పి బిగించే పద్ధతి. దాని లివరు రాచెట్ మీద తిరుగుతుంది.

ఫ్రేము మార్చకుండా థ్రూ యాక్సిల్‌కు దగ్గరగా వెళ్లే దారి కూడా ఉంది. క్విక్ రిలీజ్ ఫ్రేము వెనుక కొసల్లో ఇరుసు కూర్చునే గాడి వెడల్పు 10 మిల్లీమీటర్లు. ఆ గాడిలో సరిగ్గా పట్టే 10 మిల్లీమీటర్ల కడ్డీ హబ్బు ఆ కొస నుంచి ఈ కొస దాకా దూరి, బయటి నుంచి నట్టుతో బిగుస్తుంది. దీన్ని థ్రూ బోల్టు అంటారు. ఇందుకు హబ్బుకు 10 మిల్లీమీటర్ల మూతలు ఉండాలి, 135 వెడల్పు మారదు. వెనుక సస్పెన్షను లేని పాత అల్యూమినియం హార్డ్‌టెయిల్ మీద మమకారం ఉన్నవారికి, మూతలు మార్చుకునే హబ్బు ఇప్పటికే ఉంటే, ఇది మంచి మార్పు. ఇందుకోసమే కొత్త హబ్బు కొనవలసి వస్తే మాత్రం ఆలోచించుకోవాలి.

తెరిచిన గాడి ఉన్న ఫ్రేములో 12 మిల్లీమీటర్ల థ్రూ యాక్సిల్ పెట్టడం కుదరదు. గాడిని ఆకురాయితో పెద్దది చేయడం ప్రాణాలతో చెలగాటం. ఉక్కు ఫ్రేమునైతే అనుభవమున్న ఫ్రేము మేస్త్రీ కొద్దిగా ఎడం చేసి 130ని 135 చేయగలడు. అల్యూమినియం, కార్బన్ ఫ్రేములను అలా వంచకూడదు. కొసలు విడిగా బోల్టులతో బిగించే ఫ్రేములు కొన్ని ఉన్నాయి, వాటికి వేరే కొసలు కొని థ్రూ యాక్సిల్‌కు మారవచ్చు. సర్లీ కంపెనీ కొన్ని ఉక్కు ఫ్రేములను 145 వెడల్పుతో చేసి, 142 అయినా 148 అయినా పట్టేలా వదిలింది. ఉక్కు కొద్దిగా సాగుతుందన్న ధీమా అది.

142 చక్రం ఉండి కొత్త బూస్ట్ ఫ్రేము కొన్నవారికి ఆరు మిల్లీమీటర్ల లోటును పూడ్చే అడాప్టర్లు దొరుకుతాయి. రెండు వైపులా మూడేసి కలిపే రకంలో డిస్కు కింద మూడు మిల్లీమీటర్ల బిళ్ల వేస్తే సరి, క్యాసెట్ మాత్రం ఉండవలసిన చోటు కన్నా మూడు మిల్లీమీటర్లు లోపల ఉంటుంది. ఆరూ ఎడమవైపే కలిపితే క్యాసెట్ సరైన చోటికి వస్తుంది, కానీ రిమ్మును మూడు మిల్లీమీటర్లు జరిపి స్పోకులు మళ్లీ బిగించాలి, డిస్కు కింద ఆరు మిల్లీమీటర్ల బిళ్ల కావాలి. రెండో పద్ధతిలో స్పోకుల బిగువు రెండు వైపులా సమానానికి దగ్గరవుతుంది. చక్రం కట్టడం తెలిసిన మెకానిక్కు దొరికితే అదే మంచిది.

థ్రూ యాక్సిల్ పోగొట్టుకున్నప్పుడు

థ్రూ యాక్సిల్ ఉన్న సైకిలుకు కొత్తది కొనవలసి వచ్చేది ఎక్కువగా పాతది పోయినప్పుడో, మర చెడినప్పుడో. సైకిలు మీద 12×148 అని ఉంది కదా అని ఆ అంకె చెప్పి కొంటే పొరపాటు. ఆ 148 హబ్బు వెడల్పు, కడ్డీ పొడవు అంతకన్నా రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ. ఫ్రేము కొసల మందాన్ని బట్టి కంపెనీకీ కంపెనీకీ మారుతుంది. తర్వాత మర పిచ్. సింటేస్ పద్ధతిలో 1 మిల్లీమీటరు, షిమానో ఈ-త్రూలో 1.5, రాక్‌షాక్స్ మ్యాక్సిల్‌లో 1.75. గేర్లు మార్చే డిరైలర్‌ను తగిలించేందుకు స్రామ్ 2019లో తెచ్చిన యూడీహెచ్ హ్యాంగరు ఉన్న ఫ్రేములకు పిచ్ 1. ఇక తల ఆకారం: కొన్ని ఫ్రేములకు శంఖాకారపు తల కావాలి, కొన్నిటికి బల్లపరుపుది. పాత కడ్డీ చేతిలో ఉంటే కాలిపర్‌తో పొడవు, మర భాగం పొడవు, పిచ్ కొలుచుకోవచ్చు. లేకపోతే ఫ్రేము మోడలు, సంవత్సరం చెప్పి తయారీదారు దగ్గరే తెప్పించుకోవడం క్షేమం.

లివరు ఉన్న కడ్డీయా, అలెన్ కీతో తిప్పేదా అన్నది అలవాటుకు సంబంధించిన సంగతి. లివరుంటే పనిముట్టు అక్కర్లేదు, లేకపోతే రాళ్లకు తగిలేదేమీ ఉండదు.

బిగింపు, తనిఖీ

నట్ల ఇరుసుకు షిమానో చెప్పే బిగింపు 30 నుంచి 45 న్యూటన్ మీటర్లు. థ్రూ యాక్సిళ్లకు చాలావరకు 10, 15 మధ్య సరిపోతుంది, ఆ అంకె సాధారణంగా కడ్డీ మీదే చెక్కి ఉంటుంది. మరకు పలుచగా గ్రీజు రాయాలి. క్విక్ రిలీజ్ లివరు సగం తిరిగేసరికి గట్టితనం తగలాలి, పూర్తిగా మూశాక అరచేతిలో అచ్చు పడాలి. లివరును నట్టులా గిరగిరా తిప్పి వదిలేసేవారు మన ఊళ్లలోనూ తక్కువేం కాదు. ఆ చక్రం ఏ గుంతలోనో గాడి జారుతుంది.

క్విక్ రిలీజ్ ఇరుసు విరిగినా వెంటనే తెలియకపోవచ్చు. లోపలి స్క్యూయర్ రెండు ముక్కలనూ కలిపి పట్టి ఉంచుతుంది, సైకిలు నడుస్తూనే ఉంటుంది. చక్రం పక్కకు ఊగడం, ఎంత సరిచేసినా బ్రేకు రాసుకోవడం, గేర్లు వాటంతటవే తడబడటం దీని గుర్తులు. స్క్యూయర్ బయటికి లాగితే ఇరుసు రెండు ముక్కలుగా చేతికొస్తుంది.

మన బజారులో

తెలుగు రాష్ట్రాల్లోని సైకిల్ దుకాణాల్లో మౌంటెన్ బైక్ పేరుతో అమ్ముడయ్యే చవక సైకిళ్లలో నట్ల ఇరుసు, ఫ్రీవీల్ చాలా మామూలు. లావు టైర్లు, డిస్కు బ్రేకులు చూసి అది వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండల రాళ్ల బాటలకు తట్టుకుంటుందనుకుంటే ఇరుసు దగ్గరే తేలిపోతుంది. ఈ రకానికి లుధియానా నుంచి వచ్చే విడిభాగాలు చిన్న పట్నంలో కూడా దొరకడం ఒక ఊరట. థ్రూ యాక్సిల్ సైకిలు కొన్నవారు మాత్రం సరైన పొడవు, పిచ్ ఉన్న కడ్డీ కోసం ఆర్డరు పెట్టి ఎదురుచూడక తప్పదు. దూరప్రయాణానికి బయల్దేరేముందు ఒకటి అదనంగా దగ్గరుంచుకోవడం దండగ కాదు.

వెనుక చక్రానికి మోటారు హబ్బు బిగించి ఎలక్ట్రిక్ సైకిలు చేసుకునేవారికి ఈ లెక్కలు కొన్ని తలకిందులవుతాయి. మోటారు తన ఇరుసునే వెనక్కి తిప్పడానికి చూస్తుంది. అందుకే దాని ఇరుసు కొసలు గుండ్రంగా కాక రెండు వైపులా చదునుగా చెక్కి, గాడిలో తిరగకుండా ఉంటాయి. ఆ చదును ఒక్కటే సరిపోదు. ముఖ్యంగా అల్యూమినియం ఫ్రేములో గాడి నోరు తెరుచుకుంటుంది. ఇరుసును ఫ్రేముకు అడ్డుపట్టే ఉక్కు పట్టీ, టార్క్ ఆర్మ్, బిగించిన తర్వాతే అలాంటి చక్రాన్ని నడపాలి.